చేపకు పేను పడితే చెరువులో మందు పోయవద్దు

జనగామ: వల లాగినప్పుడు బొచ్చె చేప ఒంటిమీద ఎర్ర మచ్చలు కనిపిస్తున్నాయా? మచ్చ పక్కనే చదునుగా, పెసరబద్దంత పురుగు జరజరా పాకుతోందా? అయితే అది చేప పేను. పొలుసుల నడుమ నుంచి దారపు పోగులా వేలాడేది మరొకటి. దాని తల లంగరులా చేప కండలో దిగబడి ఉంటుంది గనుక దానిని లంగరు పురుగు అంటారు.

ఇవి చేపను ఒక్కసారిగా చంపవు. రక్తం పీల్చి పెరుగుదల ఆపుతాయి. పేను పొడిచిన చోట పుండు పడి బూజు పడుతుంది. చేప మేత మాని, దురద తీర్చుకోవడానికి రాళ్ళకు, కట్టెలకు ఒళ్ళు రాసుకుంటుంది. తూగవలసిన తూకం తూగదు. మచ్చలున్న చేపను బేరగాడు సగం మనసుతో అడుగుతాడు. ఏడాదంతా చెరువును కాచుకున్న మత్స్యకారునికి చేతికందే సొమ్ములో కోత పడుతుంది.

2016 అక్టోబర్ 11న ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు మూడూ చెరువుల సీమలే. కాకతి గణపతిదేవుని సోదరి మైలమ తవ్వించిన బయ్యారం చెరువు, ఘనపురం గణపసముద్రం, జనగామ వైపు బొమ్మకూరు జలాశయం అందరికీ తెలిసినవే. ప్రభుత్వం చెరువులకు ఉచితంగా చేపపిల్లలు ఇవ్వడం మొదలైందీ 2016లోనే. పిల్లలు వస్తున్న చోటు నుంచి పురుగు కూడా రావచ్చునన్న సంగతి మాత్రం చాలామంది పట్టించుకోరు.

మందు ఎందుకు పనికిరాదు?

పేను కనిపించగానే పత్తికి కొట్టే పురుగుమందు డబ్బా తెచ్చి నీళ్ళలో ఒంపుదామనే ఆలోచన కొందరికి వస్తుంది. ఇది చాలా ప్రమాదం. ఆ చెరువులోనే గొడ్లు నీళ్ళు తాగుతాయి, చాకిరేవు నడుస్తుంది, పిల్లలు ఈదుతారు. అంతేకాదు, మందుతో పేను పీడ పూర్తిగా వదలదు కూడా.

చేప పేను, లంగరు పురుగు రెండూ రొయ్య జాతికి చుట్టాలు. నీటిలో తేలే అతి చిన్న నీటి ఈగలు కూడా ఆ జాతివే. బొచ్చె చేపకు ముఖ్యమైన మేత ఆ నీటి ఈగలే. పేనును చంపే మందు వాటినీ చంపుతుంది. పేను పోయినా చేప పస్తులుంటుంది. మోతాదు మించితే చేపలే తెల్లారేసరికి వెల్లకిలా తేలుతాయి.

ఇంకొక మాట. పేను గుడ్లకు మందు ఎక్కదు. తల్లి పేను చేపను వదిలి, రాయికో కట్టెకో జిగురుతో గుడ్లు వరసగా అంటిస్తుంది. వెచ్చని నీటిలో రెండు మూడు వారాల్లో అవి పొదుగుతాయి. అంటే ఈరోజు మందు పోసిన చెరువులో వచ్చే నెలకు మళ్ళీ పేలే.

గుడ్డును పట్టుకోవాలి

గుడ్లు పెట్టే ఈ అలవాటే మనకు ఉపాయం చూపుతుంది. చిన్న కుంటల్లో, పిల్లలను పెంచే గుంతల్లో అక్కడక్కడ వెదురు కర్రలు, చెక్కలు పాతాలి. పేలు వాటిమీద గుడ్లు పెడతాయి. వారానికోసారి తీసి, ఎండలో బాగా ఆరబెట్టి మళ్ళీ పాతాలి. ఎండిన గుడ్డు బతకదు. ఖర్చు లేని పని. వందల ఎకరాల పెద్ద చెరువులో మాత్రం ఇది సాగదు. అక్కడ పెరిగిన చేపను మధ్యమధ్య పట్టి పలచన చేయడమే మార్గం. ఇరుకైన నీటిలో పేను త్వరగా అంటుకుంటుంది.

వెనుక ఎండాకాలంలో చెరువు ఎండితే రైతులు పూడిక మట్టి తోలుకునేవారు. ఆ ఎండకు పేను గుడ్లు కూడా మాడేవి. ఎత్తిపోతల నీటితో ఏడాదంతా నిండి ఉండే చెరువుకు ఆ మేలు లేదు. అటువంటి చోట కాపలా ఎక్కువ కావాలి. ఒక చెరువులో తడిసిన వల ఎండలో ఆరకుండా ఇంకొక చెరువులో వేయరాదు.

అన్నిటికన్నా ముఖ్యం, పిల్లలు లారీ దిగినప్పుడే చూడడం. సంఘం పెద్దలు లెక్క చూసినట్టే ఒళ్ళూ చూడాలి. సంచికి కొన్ని పిల్లలను తెల్లని పళ్ళెంలో వేసి మొప్పలు, రెక్కల మొదళ్ళు పరికించాలి. చిన్న కుంటకైతే వంద లీటర్ల నీటిలో రెండు కిలోల ఉప్పు కరిగించి, పిల్లలను ఒకటి రెండు నిమిషాలు ముంచి తీయాలి. తిరగబడుతుంటే వెంటనే తీసేయాలి. కంటికానని మొప్పల పురుగులు దీనితో చాలావరకు రాలతాయి.

గాజు తొట్టి పురుగులు

పట్టణాల్లోనే కాదు, పల్లెల్లో కూడా ఇప్పుడు కొన్ని ఇళ్ళలో గాజు తొట్లు కనిపిస్తున్నాయి. తొట్టిలో సన్నని తెల్ల దారాల్లాంటి పురుగులు మెలికలు తిరుగుతుంటే హడలిపోనక్కరలేదు. అవి చేపను కుట్టవు. మిగిలిన మేత కుళ్ళితే పుడతాయి. రెండు మూడు నిమిషాల్లో తినేంతే మేత వేసి, అడుగున పేరుకున్న మడ్డి తీసి, వారానికోసారి నాలుగో వంతు నీరు మారిస్తే వాటంతటవే తగ్గుతాయి. కొత్తగా పోసే నల్లా నీటిలో క్లోరిన్ ఉంటుంది గనుక ఒకరోజు నిలవబెట్టి పోయాలి. అంగడి నుంచి తెచ్చిన కొత్త చేపను రెండు మూడు వారాలు వేరే తొట్టిలో ఉంచి చూడాలి. లంగరు పురుగు తరచు బంగారు చేపతోనే ఇంట్లోకి వస్తుంది.

విసుగు పుట్టినా, పురుగు పట్టినా ఆ చేపను, ఆ నీటిని చెరువు పాలు చేయరాదు. ఇంటి పురుగు ఊరి పురుగవుతుంది. తొట్లలో అద్దాలు నాకే దక్షిణ అమెరికా చేప ఇలాగే బయటపడి, తెలుగు నాట జలాశయాల్లో దెయ్యం చేపగా పెరిగి వలలు చింపుతున్నది.

పేను పట్టిన చేప తినవచ్చునా అని అడిగేవారున్నారు. పేను గాని, లంగరు పురుగు గాని మనిషికి అంటవు. పుండ్లు లేని తాజా చేపను శుభ్రం చేసి బాగా ఉడికించి తినవచ్చు. పురుగుమందు పోసిన చెరువు చేపను మాత్రం ముట్టరాదు. పేను ఎక్కువైతే చేపను సీసాలో వేసుకుని జిల్లా మత్స్యశాఖ కార్యాలయానికి వెళ్ళాలి. మందుల దుకాణానికి కాదు. చెరువు ఒక్క సంఘానిది కాదు, ఊరందరి నీరు.