ఏ.సి. గ్యాసు మూతకు తాళమెందుకు?

పురుగుమందు డబ్బాను పిల్లలకు అందకుండ పెట్టెలో పెట్టి తాళము వేయవలెనన్న సంగతి రైతు సోదరులకు క్రొత్త కాదు. ఆ డబ్బా మీద రంగు గుర్తు ఉండి హెచ్చరించును. కాని ఇంటి గోడ ప్రక్కన చేతికందు ఎత్తులోనున్న ఏ.సి. యంత్రములోని గ్యాసును గూర్చి మనకంత జాగ్రత్త లేదు. అమెరికా దేశములో ఈ గ్యాసును పీల్చి పిల్లలు మరణించిన మీదట, దాని మూతలకు తాళముండవలెనని గృహనిర్మాణ నియమములలో చేర్చిరి. ఆ నియమమేమో, అందుండి మనము గ్రహింపవలసిన దేమో తెలిసికొందము.

మూత ఎక్కడ ఉండును?

స్ప్లిట్ ఏ.సి.కి రెండు భాగములు. గదిలోని భాగము చల్లగాలి నిచ్చును. బయటి భాగము వేడిని వదలును. రెంటిని కలుపు రాగి గొట్టములలో గ్యాసు తిరుగుచుండును. గ్యాసు ఎంత ఉన్నదో చూచుటకు, తగ్గినచో నింపుటకు బయటి భాగము ప్రక్కన చిన్న నోరు అమర్చియుందురు. దానిపై మామూలుగా ఉండునది సులభముగా విప్పదగిన మూత మాత్రమే.

గ్యాసు వలని అపాయము

ఆర్-22, ఆర్-410ఎ, ఆర్-32 అనునవి ఏ.సి.లలో వాడు గ్యాసులు. వీటికి రంగు లేదు. వాసనయు దాదాపుగా లేదు. అందుచేతనే మనిషి మోసపోవును. ఇవి గాలికంటె బరువైనవి. మూసిన గదిలో చేరినచో ఊపిరికి కావలసిన గాలిని త్రోసివేయును. చర్మమునకు తగిలినచో మంచువలె కొరికి పుండు చేయును.

అన్నిటికంటె పెద్ద అపాయము గుండెకు. ఇట్టి ఆవిరులను మత్తుకై పీల్చి హఠాత్తుగా చనిపోయిన 110 మంది యువకుల వివరములను 1970లో మిల్లార్డ్ బాస్ అను అమెరికా వైద్యుడు ప్రకటించెను. ఆవిరి పీల్చిన గుండె, భయమువలనగాని పరుగువలనగాని రక్తములో చేరు రసమునకు తట్టుకొనలేక లయ తప్పి ఆగిపోవును. మొదటిసారి పీల్చినవాడైనను బ్రతుకునన్న నమ్మకము లేదు.

నియమము ఏమనుచున్నది?

అమెరికాలో ఇంటర్నేషనల్ కోడ్ కౌన్సిల్ అను సంస్థ మూడేండ్ల కొకసారి నిర్మాణ నియమావళులను ప్రకటించును. రాష్ట్రముగాని నగరముగాని స్వీకరించినప్పుడే అవి శాసనమగును. 2009 నాటి యంత్రముల నియమావళిలో 1101.10 వ అంశముగను, గృహ నియమావళిలో ఎం1411.6 వ అంశముగను ఈ నిబంధన చేరెను. ఆరుబయట ఉన్న గ్యాసు నోళ్ళకు ఇతరులు విప్పలేని తాళపు మూతలు బిగింపవలెను అని దాని సారాంశము. పరులు చేరకుండ వేరు విధముగా భద్రపరచినను చాలునని తరువాతి కూర్పులలో చేర్చిరి.

ఈ మూత ప్రత్యేకపు తాళపుచెవితోనే విడివడును. ఆ చెవి మెకానిక్కు వద్ద ఉండును కనుక మరమ్మతుకు ఆటంకము లేదు. మూత బిగువుగా ఉన్నచో గ్యాసు కారుటయు తగ్గును. కాని ఒక లోపము కలదు. క్రొత్తగా అమర్చు యంత్రములకే నియమము వర్తించును. అంతకుముందు నుండి ఉన్నవాటికి సామాన్యముగా వర్తించదు. క్రొత్త ఇంటి యంత్రమునకు తాళముండి, ప్రక్క ఇంటి పాత యంత్రమునకు లేకపోవచ్చును. కనుక శాసనము వచ్చినంత మాత్రాన పిల్లలకు రక్షణ పూర్తి కాలేదు.

మనము చేయదగినది

నేడు మన గ్రామములలోను ఇండ్లకు, ఎరువుల దుకాణములకు, కార్యాలయములకు ఏ.సి.లు వచ్చినవి. ఇందుకై శాసనము కొరకు వేచియుండ నక్కరలేదు.

1. బయటి భాగమును పిల్లల కందని ఎత్తున అమర్చవలెను. క్రిందనే ఉన్నచో చుట్టును గాలి ఆడునట్టి కంచె వేయించి తాళము వేయవలెను.

2. మెకానిక్కు వచ్చినపుడు తాళపు మూతలు అడిగి వేయించుకొనవలెను. పని ముగిసిన పిదప మూతలన్నియు తిరిగి బిగించెనో లేదో దగ్గరనుండి చూడవలెను.

3. గ్యాసును ఊరక గాలిలోకి వదలనీయరాదు. నేడు మన దేశములో పలు ఏ.సి.లలో వాడు ఆర్-32కు నిప్పు అంటుకొను గుణము కొంత కలదు.

4. ఎవరైనను గ్యాసు పీల్చి తూలుచున్నచో గద్దింపరాదు, వెంటబడి తరుమరాదు. నెమ్మదిగా మంచి గాలిలోనికి తెచ్చి కూర్చుండబెట్టి, 108కి ఫోను చేయవలెను. ఊపిరి ఆగినచో, శిక్షణ పొందినవారు వెంటనే రొమ్ముపై నొక్కుట మొదలిడవలెను.

సర్పంచులు, పంచాయతీ కార్యదర్శులు తమ ఊరి పాఠశాల, ఆరోగ్య కేంద్రము, పంచాయతీ కార్యాలయములలోని యంత్రములను ఒకసారి స్వయముగా చూచుట మంచిది. ఉపాధ్యాయులును, తల్లిదండ్రులును ఈ గ్యాసు ప్రాణము తీయునని పిల్లలకు చెప్పవలెను. తాళము చేతిని ఆపును గాని, మనసును ఆపునది మంచి మాటయే. పురుగుమందు పెట్టెకు తాళము వేయు రైతు, ఈ చిన్న మూత విషయమున అశ్రద్ధ చేయరాదు.