మన జట్టుకి కోచ్ ఎవరైతే బాగుంటుంది?

దోహాలో మన తెలుగువాళ్ళు నలుగురు కలిస్తే ఒకప్పుడు క్రికెట్, సినిమాలు, ఊళ్ళో స్థలాల ధరలు... ఈ మూడే మాట్లాడుకునేవాళ్ళం. 2022లో ప్రపంచకప్ ఇక్కడ జరిగాక నాలుగోది చేరింది, ఫుట్‌బాల్! మెస్సీ, ఎంబాపేల సంగతి పిల్లలు చూసుకుంటారు లెండి. పెద్దవాళ్ళ వాదనంతా ఒక్క ప్రశ్న చుట్టూనే. భారత జట్టుకి కోచ్‌గా ఎవరుండాలి? విదేశీయుడా, మనవాడా?

ఈ గొడవ ఇంతగా ముదరడానికి కారణం దోహానే. 2024 జనవరిలో ఆసియా కప్‌కి త్రివర్ణ పతాకాలు పట్టుకుని అహ్మద్ బిన్ అలీ స్టేడియానికి వెళ్ళాం. ఆస్ట్రేలియా చేతిలో 0-2, ఉజ్బెకిస్తాన్ చేతిలో 0-3. ఆ పైన అల్ ఖోర్ దాకా వెళితే సిరియా చేతిలో 0-1. మూడు ఆటలు, ఒక్క గోలూ లేదు! అదే ఏడాది జూన్ 11న ప్రపంచకప్ అర్హత పోటీలో, జాసిమ్ బిన్ హమద్ స్టేడియంలో ఖతార్‌తో ఆట. 37వ నిమిషంలో చాంగ్తే గోల్ కొట్టాడు. 73వ నిమిషంలో గీత దాటి బయటికి పోయిన బంతిని వెనక్కి లాగి ఖతార్ సమం చేస్తే రిఫరీ గోల్ ఇచ్చేశాడు. వీడియో చూసి సరిదిద్దే ఏర్పాటు లేదు. 2-1తో ఓడాం. వారం తిరగకుండానే క్రొయేషియా కోచ్ ఇగోర్ స్టిమాచ్‌ని తీసేశారు.

ఆ రాత్రి మన ఇళ్ళలో పిల్లలు ఎవరి వైపున్నారో మాత్రం అడక్కండి. అక్రమ్ అఫీఫ్ పేరు చెప్పుకుంటూ ఇక్కడే పెరిగినవాళ్ళకి రెండూ సొంత జట్లే మరి.

తరువాత వచ్చిన మనోలో మార్కెజ్ స్పెయిన్ దేశస్థుడే అయినా మనకి కొత్త కాదు. 2021-22లో హైదరాబాద్ ఎఫ్‌సిని ఇండియన్ సూపర్ లీగ్ విజేతగా నిలిపినవాడు. (ఆ క్లబ్బు 2025లో ఢిల్లీకి తరలిపోయింది. హైదరాబాదీ మిత్రుల దగ్గర ఈ మాట ఎత్తకండి!) ఏడాదికే ఆయనా వెళ్ళిపోయాడు.

2025 జులైలో ఆ ఖాళీకి 170 దరఖాస్తులు వచ్చాయి. ఒక ఉద్యోగానికి 170 బయోడేటాలు మా కంప్యూటర్ రంగంలో వింతేమీ కాదు గానీ, వాటిలో ఒకటి షావీ పేరుతో ఉండటమే వింత. అల్ సద్‌లో ఆడి, 2019 నుంచి 2021 దాకా ఆ క్లబ్బుకే కోచ్‌గా చేసిన మన దోహా షావీ! ఆ వార్త విని ఒక మిత్రుడు విందుకే సిద్ధమైపోయాడు. చివరికి షావీ, గార్డియోలా పేర్లతో వచ్చిన ఈ-మెయిళ్ళు నిజమైనవని నిర్ధారణ కాలేదని సమాఖ్య ప్రకటించింది. పంపినవాడి పేరు చూసి ఈ-మెయిల్ నమ్మకండని ఆఫీసులో నేను రోజూ చెప్పేదే. పిల్లలూ, మీరూ గుర్తుపెట్టుకోండి.

వడపోతలో ముగ్గురు మిగిలారు: స్టీఫెన్ కాన్‌స్టంటైన్, స్లొవేకియాకు చెందిన స్టెఫాన్ టార్కోవిచ్, ఖాలిద్ జమీల్.

“కాన్‌స్టంటైన్ మన జట్టుతో రెండుసార్లు పనిచేశాడండీ, కొత్తగా నేర్చుకోవాల్సిందేం లేదు” అని ఒకాయన.

“ఐజాల్ లాంటి చిన్న క్లబ్బుని 2017లో ఐ-లీగ్ విజేతని చేసినవాడు జమీల్. పైగా కువైట్‌లో పుట్టాడు, గల్ఫ్ బిడ్డ!” అని ఇంకొకాయన.

పక్కనే హోంవర్కు చేసుకుంటున్న మా అమ్మాయి తలెత్తి, “అయితే ఇక్కడ పుట్టినవాళ్ళు కూడా ఇండియాకి కోచ్ కావచ్చా అంకుల్?” అంది. ఆగస్టు 1న సమాఖ్యే జవాబు చెప్పింది. జమీల్‌ని ఎంపిక చేసింది. 2012లో సావియో మెదీరా తరువాత ఆ కుర్చీలో కూర్చున్న మొదటి భారతీయుడు.

ఈ వాదన ఎప్పుడొచ్చినా నేను తెచ్చే పేరు ఒకటుంది, సయ్యద్ అబ్దుల్ రహీమ్. మన హైదరాబాదు బడిపంతులు. 1950 నుంచి చనిపోయేదాకా భారత జట్టు ఆయన చేతుల్లోనే ఉంది. 1951 ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చాడు. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యాం, మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఇప్పుడైతే విమానం దిగేలోపే కోచ్‌ని పీకేసేవారు! రహీమ్‌ని ఉంచారు. 1956 మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో దక్షిణ కొరియాపై 2-1తో మళ్ళీ బంగారం. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నాడు. 1963లో కన్నుమూశాడు, సరిగ్గా జూన్ 11న.

“స్టిమాచ్‌కీ ఐదేళ్ళిచ్చారుగా” అంటారు మావాళ్ళు. నిజమే. కానీ ఏళ్ళు వేరు, ఆటగాళ్ళతో గడిపే రోజులు వేరు. రహీమ్ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకీ గురువే. దేశానికి ఆడేవాళ్ళలో కొందరు ఏడాది పొడుగునా ఆయన కళ్ళెదుటే ఉండేవారు. తగినన్ని రోజుల శిబిరం దొరకలేదని స్టిమాచ్ బహిరంగంగానే వాపోయాడు. ఇక్కడి ఫెలిక్స్ సాంచెజ్‌ని చూడండి. 2006లో ఆస్పైర్ అకాడమీకి వచ్చి, కుర్రాళ్ళని పెంచి, 2014లో అండర్-19 ఆసియా కప్పు, వాళ్ళలో కొందరితోనే 2019లో పెద్దల ఆసియా కప్పు గెలిచాడు. ఆయన విదేశీయుడే! అందుకే పాస్‌పోర్టు రంగు గురించి వాదించడం నాకు దండగనిపిస్తుంది.

జమీల్ జట్టు మొదట మధ్య ఆసియా నేషన్స్ కప్‌లో మూడో స్థానం తెచ్చి మురిపించింది. ఆ తరువాత అక్టోబరు 14న మడగావ్‌లో సింగపూర్ చేతిలో 1-2తో ఓడి 2027 ఆసియా కప్‌కి దూరమైంది. నవంబరులో ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలోనూ ఓటమే. అక్టోబరు 14నే ఖతార్ 2-1తో యుఏఈని ఓడించి 2026 ప్రపంచకప్‌కి అర్హత సాధించింది. “లోపెటెగీ వచ్చి ఆరునెలలు కాలేదు, ఏమంటావ్ గురువుగారూ?” అని ఫోన్ చేశాడొక మిత్రుడు. జట్టు ఆయన రాకముందే తయారై ఉందన్నాను. ఒప్పుకోలేదు.

2027 ఆసియా కప్ సౌదీలో కాబట్టి నాలుగు కుటుంబాలం కార్లేసుకుని సరిహద్దు దాటి ఇండియా ఆట చూసొద్దామనుకున్నాం. మా అబ్బాయి మాత్రం “ఖతార్ ఉందిగా నాన్నా” అంటున్నాడు.