రైతుస్వామ్యము – సీతంపేట కొండలు

ఒక ఆర్థికసిద్ధాంతము పునాదిగా రాజకీయపక్షమును నిర్మించిన ఆంధ్రులలో ఆచార్య గోగినేని రంగనాయకులుగారు అగ్రగణ్యులు. 1900 సంవత్సరమున నిడుబ్రోలులో జన్మించి, ఆక్స్‌ఫర్డున అర్థశాస్త్రము నభ్యసించిన వీరు 1951లో కాంగ్రెసును వీడి కృషికార్ లోక్ పార్టీని స్థాపించిరి. వారి వాదము స్పష్టము: దున్నెడి కుటుంబమునకే భూమిపై స్వామ్యముండవలెను; పంటకు గిట్టుబాటు ధర రావలెను. 1955 ఆంధ్ర ఎన్నికలలో కాంగ్రెసుతో కూడి ఈ చిన్నపక్షము 22 స్థానములు గెలిచెను. పిమ్మట కాంగ్రెసులో లీనమయ్యెను.

1959లో నాగపురమున కాంగ్రెసు మహాసభ ఉమ్మడి సహకార సేద్యమును తీర్మానింపగా, రంగాగారు మరల వెలువడి, రాజగోపాలాచారిగారితో కలసి స్వతంత్రపార్టీ నెలకొల్పి, దానికి తొలి అధ్యక్షులైరి. 1967లో ఆ పక్షము లోకసభలో 44 స్థానములు గడించెను. శ్రీకాకుళము నుండి రంగాగారే గెలిచిరి. ఆ జిల్లాలో గౌతు లచ్చన్నగారి పలుకుబడి వారికి కొండంత యండ.

అయితే ఆ యేడే అక్టోబరు 31వ తేదీన లేవిడి వద్ద గిరిజనులపై భూస్వామి పక్షీయులు కాల్పులు జరిపిరి, ఇరువురు మరణించిరి. మైదానపు రైతు తన పట్టాను ప్రభుత్వము హరించునేమోయని వెరచుచుండగా, సీతంపేట కొండలపై పోడు చేయు సవరకు హరింపబడుటకు పట్టాయే లేకుండెను. అతని పంట కళ్లమునకు రాకమున్నే సాహుకారు పద్దులో జమయగుచుండెను. అతని పొలమును అటవీశాఖ తనదనుచుండెను.

ఇచ్చట సిద్ధాంతమునకు పరీక్ష యేర్పడినది. అమ్ముకొను స్వేచ్ఛ లేని స్వామ్యము స్వామ్యమే కాదని స్వేచ్ఛావాదులందురు. కాని అప్పులపాలైన గిరిజనునకు ఆ స్వేచ్ఛయే భూమి చేజారు ద్వారము. అందువలననే స్వతంత్రపార్టీ పుట్టిన 1959లోనే షెడ్యూలు ప్రాంతముల భూబదలాయింపు నిబంధన వెలువడెను. 1970లో అది మరింత కఠినమయ్యెను.

1974లో స్వతంత్రపార్టీ భారతీయ లోకదళమున కలసిపోయెను. రంగాగారు అంతకుమున్నే కాంగ్రెసును చేరియుండిరి. పక్షము నశించినను, దున్నువానికే హక్కు అను బీజము నశింపలేదు. 2006 నాటి అటవీహక్కుల చట్టము పోడుభూమికి హక్కుపత్రము నొసగుచున్నది. అది వారసులకు సంక్రమించును గాని విక్రయింప వీలులేదు. రంగాగారి సూత్రములో సగము కొండ యంగీకరించినది, సగము నిరాకరించినది. మైదానమున పుట్టిన సిద్ధాంతము కొండయెక్కునపుడు, అచ్చటి పోడురైతును ముందుగా విచారింపవలెనను పాఠమును ఈ చరిత్ర మనకు బోధించుచున్నది.