పొడిని గుళిక చేసినంతనే నూతన కల్పన అగునా?

నీటి గొట్టాలకు వాడెడి పి.వి.సి. ప్లాస్టిక్కుకు వేడి మితిమీరినచో అది చెడి హైడ్రోజన్ క్లోరైడు వాయువును విడుచును. దీనిని నివారించుటకు స్టెబిలైజర్లు అనెడి రసాయనాలను కొద్దిపాటిగా కలుపుదురు. ఇవి పొడి రూపంలో ఉన్నచో ధూళి లేచి కార్మికుల ఊపిరితిత్తులలో చేరును. సీసపు లవణాలైనచో ఆ ధూళి విషతుల్యం. అందువలన పొడిని గుళికలుగా చేయుట ఆచారమైనది.

వివాదం ఇచ్చటనే పుట్టును. ఒక సంస్థ తన గుళికకు పేటెంటు కోరును. “పొడిని అదిమి బిళ్ళ చేయుట మందులు చేయువారికి ఏనాడో తెలిసినదే” అని పోటీదారు ఆక్షేపించును.

వస్తువు కొత్తదైనంత మాత్రాన పేటెంటు లభింపదు. ఆ వృత్తిలో నేర్పు గలవానికి అది సహజంగా తోచునది కాకూడదు. తలుపు పిడిని లోహానికి, కొయ్యకు బదులు మట్టితో చేయుట నూతన కల్పన కాదని అమెరికా సుప్రీం కోర్టు 1851లో తీర్పు చెప్పినది. లేతు యంత్రంపై పాత్రలను పట్టి ఉంచు సాధనం విషయమై మన సుప్రీం కోర్టు 1978లో ఇట్టి నిర్ణయమే చేసినది. కర్మశాలలో జరుగు మామూలు మెరుగుదల చాలదని దాని భావం.

మరి గుళిక మాటేమి? గట్టిగా అదిమినచో అది కరిగిన ప్లాస్టిక్కులో సమంగా కలియదు. వదులుగా ఉన్నచో రవాణాలోనే చిట్లి మరల ధూళియగును. మైనం వంటి బంధక ద్రవ్యం చేర్చినచో ప్లాస్టిక్కు గుణం మారవచ్చును. బంధకం లేకనే, చిట్లకుండ, చక్కగా కలిసిపోవు గుళికను ఎవరైనా సాధించి, అట్టి ఫలితం ఊహకందనిదని పరీక్షలతో నిరూపించినచో అది కల్పనయే. పాత యంత్రంలో పాత పొడిని అదిమి ఊరకున్నచో కాదు.

జవాబు తెలిసిన పిదప ప్రతి లెక్కయు సులభంగానే కనబడును. అట్టి వెనుకచూపుతో తీర్పు చెప్పరాదని అమెరికా న్యాయస్థానం 1966లో హెచ్చరించినది. అయితే సామాన్య నిపుణునికి కూడ కొంత ఊహాశక్తి ఉండునని అదే న్యాయస్థానం 2007లో గుర్తుచేసినది. ఈ రెండింటి నడుమనే న్యాయం నిలువవలెను.

మన దేశంలో పేటెంటు కాలపరిమితి 20 సంవత్సరాలు. అనర్హునికి దానిని ఇచ్చినచో చిన్న కర్మాగారాలు అందరికీ తెలిసిన పనిని సైతం చేసికొనజాలవు. అర్హునికి నిరాకరించినచో పరిశోధకుని శ్రమ పరుల పాలగును. కావున రసాయన శాస్త్ర విద్యార్థులు ఫలితంతో పాటు, అది ఏల ఊహకందనిదో కూడ వ్రాసి ఉంచుట నేర్వవలెను.