షటిల్ ఆటలో సర్వీస్ లెక్క

షటిల్ ఆడటానికి 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఉన్న చదును నేల చాలు. మా ఊరు కమ్మర్‌పల్లిలో ఆ నేల ఎక్కడ దొరికితే అక్కడే ఆడాం. బడి మైదానంలో ఆడాం, పసుపు ఆరబోసే కల్లాల్లో ఆడాం, కొలత కాస్త తగ్గినా ఇంటి ముందటి వాకిట్లో సర్దుకున్నాం. చలికాలం పొద్దుగూకినంక సున్నంతో గీతలు గీసి, రెండు కర్రలు పాతి, వాటికి నెట్ కట్టి, పైన ఒక బల్బు వేలాడదీసుకుంటే రాత్రి భోజనం వేళ దాకా ఆటే. సంక్రాంతి దాటి పసుపు తవ్వకాలు, ఉడకబెట్టడాలు ఊపందుకున్నాయంటే కల్లం మళ్లీ పసుపుకే.

ఆ ఊరి మీదుగా పోయే 63వ జాతీయ రహదారిపై బస్సెక్కి ఎందరో దుబాయి, మస్కట్, బహ్రెయిన్ చేరారు. తర్వాతి తరం అమెరికాకూ ఆస్ట్రేలియాకూ వెళ్లింది. బ్యాట్‌ను మాత్రం ఎవరూ వదల్లేదు. గల్ఫ్‌లో వారం సెలవు దొరికిన సాయంత్రం పార్కింగ్ స్థలంలోనో, అమెరికాలో గంటకింత అని అద్దె కట్టిన బడి హాల్లోనో తెలుగువాళ్లు నలుగురు కలిస్తే ఆట మొదలైనట్టే. క్రికెట్‌కు రెండు జట్లు కూడాలి, దీనికి నలుగురు చాలు. అరవై దాటిన పెద్దాయన, పదేళ్ల మనవరాలు ఒకే కోర్టులో నిలబడి ఆడగల ఆటలు ఎన్నో లేవు.

అయితే ఎవరి ఊరి లెక్క వారు వెంట తెచ్చుకున్నారు. ఒకరు పదిహేను పాయింట్లకు ఆట అంటారు. ఒకరు డబుల్స్‌లో జట్టుకు రెండు సర్వీసులు అంటారు. సర్వీస్ నెట్‌కు తగిలి అవతల పడితే మళ్లీ వేయాలంటారు ఇంకొకరు. ఇంటి దగ్గర ఆడుకునేటప్పుడు ఏ లెక్కయినా నడుస్తుంది. తెలుగు సంఘం టోర్నమెంట్ రోజు మాత్రం ఈ తేడాలు మాటామాటా పెంచుతాయి, దూరం నుంచి పిల్లలతో వచ్చిన కుటుంబాల మనసు చిన్నబుచ్చుతాయి. అందుకే నియమాలు అసలు ఏమంటున్నాయో, ఎందుకంటున్నాయో ఒక్కచోట చెప్పుకుందాం.

1870లలో పూనాలో ఉన్న ఆంగ్లేయ సైనికాధికారులు ఈ ఆటను ఇష్టంగా ఆడి, సెలవులకు వెళ్లినప్పుడు ఇంగ్లండుకు తీసుకుపోయారు. 1877లో బాత్ పట్టణపు క్లబ్బు నియమాలను రాతలో పెట్టింది. అంతర్జాతీయ బ్యాడ్మింటన్ సమాఖ్య 1934లో ఏర్పడింది. అప్పటి నుంచి ఎన్ని మార్పులు జరిగినా ఒక ఆలోచన చెక్కుచెదరలేదు. సర్వీస్ ఆటను మొదలుపెట్టడానికే తప్ప పాయింటు కొట్టెయ్యడానికి కాదు. టెన్నిస్‌లో సర్వీసే పెద్ద ఆయుధం. ఇక్కడ నియమం రాసినవాళ్లు ఆ ఆయుధాన్ని కావాలనే ఆటగాడి చేతిలోంచి తీసేశారు. ఈ ఒక్క సంగతి పట్టుబడితే మిగతా నియమాలు వాటంతటవే అర్థమవుతాయి.

సర్వీస్ కింది నుంచి పైకి కొట్టాలి. బ్యాట్ కాక్‌ను (షటిల్‌కాక్‌ను) తాకే క్షణంలో కాక్ మొత్తం నేల నుంచి 1.15 మీటర్ల లోపే ఉండాలి. అంటే మూడడుగుల తొమ్మిది అంగుళాలకు రవ్వంత ఎక్కువ. పూర్వం సర్వీస్ చేసేవారి నడుము, అంటే చివరి పక్కటెముక, హద్దుగా ఉండేది. పొడుగువాళ్లకు ఒక హద్దు, పొట్టివాళ్లకు ఒక హద్దు అయ్యేది, అంపైర్ కంటి అంచనా మీద తగాదాలు వచ్చేవి. అందుకని 2018 మార్చిలో ఆల్ ఇంగ్లండ్ పోటీల నుంచి ఈ కొలతను పరీక్షించి, ఆ ఏడాది చివర్లో ఖాయం చేశారు. కొలత కర్ర లేని మన ఆటల్లో నడుము లెక్కే పెట్టుకోవచ్చని నా అభిప్రాయం. కానీ భుజం ఎత్తు నుంచి కొట్టే సర్వీస్‌ను మాత్రం ఎవరు కొట్టినా ఒప్పుకోకూడదు.

ఎత్తు ఒక్కటే కాదు. రెండు పాదాలూ నేలను తాకుతూ కదలకుండా ఉండాలి, గీతను తొక్కకూడదు. బ్యాట్ ముందుగా కాక్ అడుగున ఉన్న బెండుకే తగలాలి, ఈకలకు కాదు. బ్యాట్ ముందుకు కదిలాక మధ్యలో ఆపి, ఎదుటివాణ్ణి ఏమార్చి మళ్లీ కొట్టడం తప్పు. కాక్ ఐమూలగా ఎదురుగా ఉన్న సర్వీస్ గడిలోనే పడాలి. నెట్‌కు ఆరున్నర అడుగుల దూరంలో ఉండే గీత దాటకుండా ముందే పడితే పాయింటు పోయినట్టే. సర్వీస్ అందుకునేవారికీ ఇదే కట్టుబాటు. కాక్ బ్యాట్‌ను వదిలేదాకా వాళ్లూ తమ గడిలో పాదాలు కదపకుండా నిలబడాలి.

అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి 2023లో జపాన్‌లో గంటకు 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి గిన్నిస్ పుస్తకానికి ఎక్కాడు. అంత బలం ఉన్న చెయ్యి కూడా సర్వీస్ వేళ కాక్‌ను నెట్ అంచు మీదుగా మెల్లగా జార్చవలసిందే. కొంచెం పైకి లేచిందంటే ఎదుటివాళ్లు స్మాష్ చేస్తారు. డబుల్స్‌లో మంచి సర్వీస్ అంటే ఎదుటివాళ్లకు దాడి చేసే అవకాశం ఇవ్వని సర్వీసే. మన పిల్లలు స్మాష్‌ల కోసం గంటలు గంటలు సాధన చేస్తారు, సర్వీస్‌కు పది నిమిషాలు కేటాయించరు. ఓడిపోయే పాయింట్లు చాలావరకు అక్కడే పోతున్నాయి.

నెట్‌కు తగిలి అవతలి సరైన గడిలో పడిన సర్వీస్ మంచి సర్వీసే. ఆట సాగాలి, మళ్లీ వేయనక్కర్లేదు. టెన్నిస్, టేబుల్ టెన్నిస్ చూసిన అలవాటుతో మనం పొరబడే చోటు ఇది.

గడుల కొలతల్లోనూ సింగిల్స్, డబుల్స్ వేరు. సింగిల్స్‌లో సర్వీస్ గడి పొడుగ్గా, సన్నగా ఉంటుంది. వెనక గీత దాకా పనికొస్తుంది, పక్కన లోపలి గీతే హద్దు. డబుల్స్‌లో గడి పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. పక్కన బయటి గీత దాకా ఉంటుంది గానీ, వెనక హద్దు చివరి గీతకు రెండున్నర అడుగుల ముందే ఆగిపోతుంది. ఇది సర్వీస్ పడే చోటుకే. ర్యాలీ మొదలయ్యాక డబుల్స్‌కు కోర్టు మొత్తం, సింగిల్స్‌కు లోపలి పక్క గీతల నడుమ చివరి గీత దాకా. గీత మీద పడితే ఎప్పుడూ లోపలే.

ఇక అందరినీ తికమకపెట్టేది డబుల్స్‌లో ఎవరు ఎక్కడ నిలబడాలన్నది. ఒకవైపు అన్నదమ్ములు, ఒకవైపు బావా బామ్మర్దులు అనుకుందాం. ఆట మొదట్లో అన్న కుడి గడి నుంచి, ఐమూలగా కుడి గడిలో ఉన్న బావకు సర్వీస్ చేస్తాడు. ఆ పాయింటు అన్నదమ్ములు గెలిచారు, 1-0. ఇప్పుడు అన్నదమ్ములు గడులు మార్చుకుంటారు, అన్నే ఎడమ నుంచి బామ్మర్దికి సర్వీస్ చేస్తాడు. బావా బామ్మర్దులు కదలరు. ఈసారి వాళ్లు గెలిచారు, 1-1. సర్వీస్ వాళ్లకు వెళ్లింది గానీ ఎవరూ గడి మారకూడదు. వాళ్ల పాయింటు ఒకటి, బేసి. అంటే ఎడమ గడిలో ఉన్న బామ్మర్ది సర్వీస్ చేస్తాడు, తనకు ఐమూలగా ఎడమ గడిలో ఉన్న అన్న అందుకుంటాడు. ఆ పాయింటు అన్నదమ్ములు గెలిస్తే 2-1. రెండు సరి సంఖ్య, కాబట్టి కుడి గడిలో ఉన్న తమ్ముడు సర్వీస్ చేస్తాడు.

సర్వీస్ చేసే జట్టు పాయింటు సరి అయితే కుడి నుంచి, బేసి అయితే ఎడమ నుంచి. సర్వీస్ చేస్తూ గెలిచినవాళ్లే గడులు మారతారు. మిగతావాళ్లు కిందటి సర్వీస్ వేళ ఎక్కడున్నారో అక్కడే. జట్టుకు ఒక్కటే సర్వీస్, 'రెండో చెయ్యి' లెక్క 2006లోనే పోయింది. పొరపాటున గడి మారి ఆడేశారని తర్వాత తెలిస్తే సరిదిద్దుకోవాలి, అప్పటి దాకా వచ్చిన పాయింట్లు మాత్రం అలాగే ఉంటాయి. ఈ ఒక్క నియమం తెలిసి ఉంటే సగం గొడవలు లేకుండా పోతాయి.

పాయింట్ల లెక్క కూడా 2006లోనే మారింది. అంతకుముందు సర్వీస్ చేసేవారికే పాయింటు వచ్చేది. పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచినప్పుడు ఫైనల్ లెక్క 15-12, 15-6. మన పెద్దలు పదిహేనుకు ఆట అనడం ఆ కాలపు అలవాటే. ఇప్పుడు సర్వీస్ ఎవరిదైనా ర్యాలీ గెలిచినవారికి పాయింటు. 21కి గేమ్, మూడింట రెండు గెలిస్తే మ్యాచ్. 20-20 అయితే రెండు పాయింట్ల తేడా రావాలి. అలా సాగి 29-29 దాకా వస్తే ముప్పయ్యో పాయింటు కొట్టినవారిదే గేమ్. ఒకరు 11కు చేరగానే ఒక నిమిషం, గేమ్‌కు గేమ్‌కు మధ్య రెండు నిమిషాలు విరామం.

ఆ రెండు పాయింట్ల తేడాలో ఎంత ఉత్కంఠ ఉంటుందో 2017లో గ్లాస్గోలో జరిగిన ప్రపంచ పోటీల ఫైనల్ చూసినవారికి తెలుసు. పి.వి. సింధు, జపాన్ అమ్మాయి ఒకుహారా 110 నిమిషాలు ఆడారు. రెండో గేమ్‌ను సింధు 22-20తో గెలిచింది, దాని చివరి ర్యాలీ 73 దెబ్బలు సాగింది. మూడో గేమ్ అదే 22-20తో ఒకుహారాకు పోయింది. రెండేళ్ల తర్వాత బాసెల్‌లో అదే ఒకుహారాపై సింధు 21-7, 21-7తో గెలిచి ప్రపంచ విజేత అయింది. సర్వీస్‌కే పాయింటు అనే పాత పద్ధతి ఉండి ఉంటే ఆ గ్లాస్గో మ్యాచ్‌లో ప్రతి ర్యాలీకీ అంత విలువ ఉండేది కాదు.

తప్పుల సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. కాక్ ఆటలో ఉండగా ఒంటితోగాని, బట్టలతోగాని, బ్యాట్‌తోగాని నెట్‌ను తాకితే పాయింటు పోతుంది. కాక్ మన ఒంటికి తగిలినా అంతే. అవతలి వైపునే ఉన్న కాక్‌ను చెయ్యి చాచి కొట్టకూడదు. మన వైపు కొట్టాక ఆ ఊపులో బ్యాట్ నెట్ దాటితే తప్పు లేదు. ఒకే వైపువాళ్లు వరసగా రెండుసార్లు కొట్టకూడదు.

ఇక ఆరుబయట గాలి సంగతి. మా వైపు పెద్దవాళ్లలో కొందరు బాల్ బ్యాడ్మింటన్ మీద పెరిగినవారు. ఉన్ని బంతి, జట్టుకు ఐదుగురు, వెడల్పాటి మైదానం. ఆ ఆటలో తొలి అర్జున అవార్డు 1970లో అందుకున్న జమ్మలమడక పిచ్చయ్యగారు వరంగల్‌లో స్థిరపడినవారే. నూరేళ్లు దాటి బతికి 2021లో అక్కడే కన్నుమూశారు. గాలికి నిలిచే బంతి కాబట్టి ఆ ఆట మన ఊళ్లకు సరిపోయింది. షటిల్ అలా కాదు. ఈకల కాక్‌కు 16 ఈకలు, బరువు 4.74 నుంచి 5.50 గ్రాములే. చిన్న గాలి వచ్చినా దారి తప్పుతుంది. ఆరుబయట ఆడేవారు నైలాన్ కాక్ వాడాలి. గేమ్‌కొకసారి, మూడో గేమ్‌లో 11 దగ్గర, తప్పకుండా వైపులు మారాలి. గాలివాటం ఇద్దరికీ సమానంగా రావడానికి అదే దారి. ఆరుబయటి ఆట కోసమే అంతర్జాతీయ సమాఖ్య 2019లో గాలికి కొంత తట్టుకునే కాక్‌తో ఎయిర్ బ్యాడ్మింటన్ అనే ఆటను తెచ్చింది. మన పల్లెల్లో అది ఇంకా ఎక్కువగా ఆడవలసిన ఆట.

హాల్లో ఆడేవారికి ఇంకో చిక్కు. కాక్ పైకప్పుకు, గోడకు తగిలితే మామూలుగా తప్పే. కానీ బడి హాళ్లలో బాస్కెట్‌బాల్ చట్రాలు, దీపాలు కిందికి వేలాడుతుంటాయి. అలాంటి అడ్డంకులకు నిర్వాహకులు సొంత నియమం పెట్టుకోవడానికి వీలుంది. అది మొదటి మ్యాచ్‌కు ముందే అందరికీ చెప్పాలి, తగిలాక కాదు.

ఈ ఏడాది మన సంఘం ఆటల పోటీలు పెట్టేవారికి నా మనవి ఇది. ఆ రోజు పొద్దున్నే టేపు తీసుకొని నెట్ మధ్యలో ఐదడుగులు, స్తంభాల దగ్గర ఐదడుగుల ఒక అంగుళం ఉందో లేదో కొలవండి. డబుల్స్ గడుల లెక్క తెలిసిన ఒకరిని ప్రతి కోర్టు దగ్గరా కూర్చోబెట్టండి, ఆ పని పన్నెండేళ్ల పిల్లలకు నేర్పినా చక్కగా చేస్తారు. ఊరికి వెళ్లేవారు చిన్నప్పుడు చదివిన బడికి ఒక మంచి నెట్, రెండు ఇనుప స్తంభాలు, నాలుగు డబ్బాల నైలాన్ కాక్‌లు ఇచ్చి రండి. ఇస్తూ ఒక సాయంత్రం ఆ పిల్లలతో ఉండి సర్వీస్ ఎలా చేయాలో నేర్పి రండి.