ముందు జిల్లాయా, ముందు పట్టణమా?

పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లి అయితే గాని పిచ్చి కుదరదు అని మనలో ఒక సామెత కలదు. కంప్యూటరు చిట్టాలలో కూడ ఇట్టి చిక్కు వచ్చును. దానిని విప్పు ఉపాయమును డోర్నకల్ ఉదాహరణముతో విన్నవించెదము.

2016 అక్టోబరు 11వ తేదీన తెలంగాణలో కొత్త జిల్లాలు ఏర్పడినవి. అంతవరకు వరంగల్లు జిల్లాలో నున్న డోర్నకల్ ఆనాడు మహబూబాబాదు జిల్లాలో చేరినది. ఈ మార్పును వ్రాసికొనుటకు ఊళ్ళ పట్టిక యొకటి, జిల్లాల పట్టిక యొకటి యున్నవనుకొందము. ప్రతి ఊరి కెదుట దాని జిల్లాను వ్రాయవలెను. ఆ జిల్లా రెండవ పట్టికలో ఉండి తీరవలెను. ఈ కట్టుబాటునే ఫారిన్ కీ అందురు. ఇది లేనిచో లేని జిల్లా పేరుతో ఊరు నమోదై, ఆ ఊరివారి కాగితములు చెల్లక పోవచ్చును.

అట్లే ప్రతి జిల్లా కెదుట కేంద్రపట్టణమును వ్రాయవలెను. ఆ పట్టణము ఆ జిల్లా క్రిందనే నమోదై యుండవలెను. ఇప్పుడు మహబూబాబాదు జిల్లాను ముందు వ్రాయబోయినచో, దాని క్రింద పట్టణమేదీ యని యంత్రము త్రోసివేయును. పట్టణమును ముందు మార్చబోయినచో, ఆ జిల్లా యేదీ యనును.

కట్టుబాటును తీసివేయుట దీనికి మందు కాదు. తనిఖీ వేళను మార్చిన చాలును. దుకాణదారుడు పద్దు పద్దుకును మొత్తము సరిచూడడు. సాయంత్రము చిట్టా కట్టునప్పుడు చూచును. అదే రీతిని మార్పులన్నిటిని ట్రాన్సాక్షన్ అను ఒకే మూటగా కట్టి, కడపట ‘కమిట్’ అన్నప్పుడు సరిచూడుమని యంత్రమును ఆజ్ఞాపింపవచ్చును. ఇట్లు వాయిదాకు వీలుగల కట్టుబాటు ‘డిఫరబుల్’ అనబడును. జిల్లా చేరును, మహబూబాబాదు పట్టణము మారును, డోర్నకల్ మారును. అన్నియు కుదిరినచో మూట నిలుచును. ఒక్కటి తప్పినను అంతయు రద్దగును, పాత చిట్టా చెక్కుచెదరదు.

పట్టికల మధ్య సంబంధములతో సమాచారమును నిలుపు పద్ధతిని ఇ. ఎఫ్. కాడ్ 1970లో ప్రతిపాదించెను. తనిఖీని వాయిదా వేయు సౌకర్యము 1992 నాటి ఎస్.క్యూ.ఎల్. ప్రమాణములో చేరినది. పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్, ఎస్.క్యూ.లైట్ దీనిని అంగీకరించును, మై ఎస్.క్యూ.ఎల్. మాత్రము వెంటనే తనిఖీ చేయును.

అయినను ప్రతి కట్టుబాటును వాయిదా వేయరాదు. తప్పు కడపట గాని బయటపడదు. అది ఏ వరుసలో జరిగినదో వెదకుట కష్టమగును. పైన చెప్పినట్టి ముడి ఉన్నచోటనే ఈ వెసులుబాటును వాడుట మేలు.