కరోనా కాలమున రైతుకు చేరిన సొమ్ము

2020 మార్చి 25వ తేదీన దేశమంతట లాక్‌డౌన్ విధింపబడినది. మరునాడే కేంద్ర ఆర్థికమంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ గారు ప్రకటించిన సహాయములో, 8.7 కోట్ల రైతుల ఖాతాలకు ఏప్రిల్ నెలలో రెండేసి వేల రూపాయలు చేర్చుట యొక అంశము. ఇది క్రొత్త సొమ్ము కాదని మన విద్యార్థులు గ్రహింపవలెను. 2019 ఫిబ్రవరిలో ఆరంభమైన పి.ఎం. కిసాన్ పథకము క్రింద ఏటా మూడు వాయిదాలలో ఇచ్చు 6,000 రూపాయలలో ఒక వాయిదా ముందుగా చేతికందినది, అంతియే. ఐనను, సంతలు మూతపడి రొక్కము కంటబడని ఆ దినములలో ముందు వచ్చిన రూపాయికి విలువ హెచ్చు. దానిని చులకన చేయుట మా యభిమతము కాదు. మే 15న రాష్ట్ర ప్రభుత్వము రైతు భరోసా క్రింద 5,500 రూపాయలు జమ చేయగా, రెండును కలిసి 7,500 అయినవి.

ఇంతకును రైతు అనగా ఎవరు? పి.ఎం. కిసాన్ లెక్కలో, భూమి రికార్డులలో పేరున్నవాడు. నరసన్నపేట చుట్టుప్రక్కల ఊళ్లలో నోటిమాటపై కౌలుకు దున్నువారు మనకు తెలియనివారు కారు. ఎరువు అప్పు వారిది, అమ్ముడుపోని కాయగూర వారిది. పాసు పుస్తకము మాత్రము వేరొకరిది. సొమ్ము పుస్తకమును వెదకికొని పోయినది.

రైతు భరోసా ఈ లోపమును కొంత సవరించినదని ఒప్పుకొనవలెను. షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులు, మైనారిటీలకు చెందిన భూమిలేని కౌలుదారులకు ఏటి మొత్తము 13,500 రూపాయలును రాష్ట్రమే ఇచ్చునట్లు నిర్ణయించిరి. కాని దానికి 2019 నాటి చట్టము ప్రకారము పంట సాగుదారు హక్కు పత్రము కావలెను. ఆ పత్రమునకు భూయజమాని సమ్మతి కావలెను. పత్రము చెల్లుబాటు పదకొండు నెలలు. దానివలన భూమిపై కౌలుదారునకు ఏ హక్కును సంక్రమింపదని చట్టమే చెప్పుచున్నను, సంతకము పెట్టిన భూమి చేజారునను భయము యజమానులను వీడలేదు. గట్టిగా అడిగిన మరుసటి యేడు కౌలే దొరకదేమోనని అడుగువాడును వెనుకాడును. మా తరగతులలో కూర్చుండు కొందరి తండ్రుల సంగతి ఇదియే.

ఇదే కాలమున అమెరికా ప్రభుత్వము రైతులకు, పశువుల మందలు పెంచువారికి 1,600 కోట్ల డాలర్ల నగదు సహాయము ప్రకటించినది. అక్కడ సొమ్ము పంటనుబట్టి, అమ్మిన పశువుల తలలనుబట్టి లెక్కింపబడినది. పెద్ద కమతములకు పెద్ద మొత్తములు పోయినవన్న మాట నిజమే. ఒక్కొక్కరికి రెండున్నర లక్షల డాలర్ల వరకు పరిమితి యుంచిరి. కాని పంట నష్టములో పాలుపంచుకొనువాడే అర్హుడు. నగదు కౌలు పుచ్చుకొని ఊరకుండు యజమానికి అందులో భాగము లేదు. ఈ ఒక్క నిబంధన మనకు ఆలోచింపదగినది.

మన రాష్ట్రమున 2024లో ప్రభుత్వము మారిన పిదప రైతు భరోసా స్థానమున అన్నదాత సుఖీభవ వచ్చి, 2025 ఆగస్టులో చెల్లింపులు మొదలైనవి. కేంద్రము వాటాతో కలిపి ఏటికి 20,000 రూపాయలు. మొత్తము పెరిగినది, సంతోషమే. హక్కు పత్రము లేని కౌలుదారుని ఇంట మాత్రము ఆ పెరుగుదల వార్తగానే నిలుచును.

ఇక గొర్రెల కాపరి. 2020లో బక్రీదు ఆగస్టు 1న వచ్చినది. ఏడాది పొడుగున మేపిన పొట్టేళ్లకు ధర పలుకవలసిన సమయమది, ఊళ్లలో వ్యాధి ముమ్మరించిన సమయమును అదియే. సెంటు భూమి లేని కాపరికి పి.ఎం. కిసాన్‌లో వాయిదా లేదు. ఆ మే నెలలో కేంద్రము ప్రకటించిన ప్యాకేజీలో పశుపోషకులకు కిసాన్ క్రెడిట్ కార్డులిత్తుమనిరి. అది బ్యాంకుకు తిరిగి కట్టవలసిన అప్పు.